సెలవుల్లో తోటకు కావలి ఎవరు?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన యువత సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వేదిక మీదున్న పెద్దలకు, తండాల నుంచి, ఎరుకల కాలనీల నుంచి, యానాది కాలనీల నుంచి పని మానుకుని వచ్చిన అమ్మానాన్నలకు, ముఖ్యంగా వెనక వరుసల్లో నిలబడి ఫోన్లు చూసుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారాలు. ఈరోజు మా మాటలు ఎక్కువగా మీకే. కాసేపు ఫోన్లు జేబులో పెట్టండి.

మమ్మల్ని పిల్లల చదువు గురించి మాట్లాడమన్నారు. మేము తోట గురించి మాట్లాడతాం. రెండూ ఒకటే అని చివరికి మీకే తెలుస్తుంది.

ఉపాధ్యాయ శిక్షణ అయ్యాక హాస్టల్ ఉద్యోగంలో చేరి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతాల్లో పనిచేశాం. 'మేము' అంటే వార్డెన్ ఒక్కతే కాదు. వంటమ్మ, కామాటి, వాచ్‌మన్, పిల్లలు, అందరం కలిసి 'మేము'. చేసిన తప్పులు కూడా అందరివీ కలిపే చెబుతాం.

మొదట జమ్మలమడుగు వైపు. ఒకరోజు పొద్దున ప్రార్థనలో ఎనిమిదో తరగతి పిల్ల కళ్లు తిరిగి పడిపోయింది. ఆసుపత్రికి తీసుకుపోతే హిమోగ్లోబిన్ ఎనిమిది కూడా లేదన్నారు. ఆ వయసు ఆడపిల్లకు పన్నెండు ఉండాలి. డాక్టరమ్మ "ఏం పెడుతున్నారమ్మా?" అని అడిగితే మాకు తల కొట్టేసినట్టయింది. మెనూ ప్రకారం పప్పు ఉంది, కూరగాయ ఉంది, గుడ్డు ఉంది, చిక్కీ ఉంది. అన్నీ వండుతున్నాం, అన్నీ పెడుతున్నాం.

ఆ రాత్రి భోజనాలయ్యాక తట్టలు కడిగే చోట నిలబడ్డాం. మిగిలింది పారబోసే బకెట్‌లోకి తొంగిచూశాం. ఆకుకూర అంతా అందులోనే ఉంది. పప్పులోంచి తోటకూర ఏరి పక్కన పెట్టారు. వంకాయ ముక్కలు, క్యారెట్ ముక్కలు అలాగే ఉన్నాయి. పిల్లలు తింటున్నది అన్నం, చారు, ఊరగాయ. లెక్కల పుస్తకంలో పోషకాహారం నిండుగా ఉంది. పిల్లల కడుపులోకి మాత్రం పోలేదు.

ఇది మా ఒక్క హాస్టల్ సంగతి అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే వయసు మగపిల్లల్లో 31 శాతం మందికి ఉంది. అంటే ఇక్కడ కూర్చున్న ప్రతి పదిమంది ఆడపిల్లల్లో ఆరుగురికి ఉండొచ్చు. చదివింది తలకెక్కకపోవడం, మెట్లెక్కితే ఆయాసం, తరగతిలో నిద్ర ముంచుకురావడం, వీటన్నిటికీ మనం పెట్టే పేరు 'సోమరితనం'. చాలాసార్లు అది సోమరితనం కాదు. రక్తం చాలకపోవడం.

సరే, పిల్లలు తినాలంటే వాళ్లే పెంచాలి అనుకున్నాం. హాస్టల్ వెనక ఖాళీ స్థలంలో తోట మొదలుపెట్టాం. మొదటి ఏడాది పూర్తిగా చెడగొట్టాం. ఎలాగో చెబుతాం వినండి.

అక్కడిది నల్లరేగడి. వాన పడితే బంక, ఎండితే నెర్రెలు. మేము పుస్తకంలో చూసినట్టు గుంటమడులు కట్టాం. నాలుగు వానలకు నీళ్లు నిలిచి వేర్లు కుళ్లిపోయాయి. అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి. విత్తనాలు మేమే చల్లాం, పంట ఏదో మేమే నిర్ణయించాం. పిల్లలకు కలుపు తీసే పని మాత్రమే ఇచ్చాం. అదీ ఎవరు ఆలస్యంగా లేస్తే వాళ్లకు శిక్షగా.

ఒక ఆదివారం ఒక తండ్రి కొడుకును చూడటానికి వచ్చాడు. పిల్లవాడి చేతిలో పార ఉంది. ఆయన కోప్పడలేదు. నెమ్మదిగా అన్నాడు: "మా బతుకు ఎట్లాగూ మట్టిలోనే పాయె. పిల్లోడన్నా బయటపడతాడని మీ దగ్గర వదిలిపెడితి. మళ్లీ వానిచేతికి పారే ఇస్తిరి గదమ్మా."

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. ఆయన అడిగింది న్యాయం. మన అమ్మానాన్నలు ఒకరి పొలంలో వంగి వంగి నడుములు పోగొట్టుకున్నవాళ్లు. వాళ్ల పిల్లల చేత మనం ఊరికే మట్టి పని చేయిస్తే అది చదువు ఎలా అవుతుంది? కూలి పనికీ తోట చదువుకూ తేడా ఏమిటో మేము తేల్చుకోవాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి అయిదు నియమాలు పెట్టుకున్నాం. తోట పని ఎప్పుడూ శిక్ష కాదు. రోజుకు అరగంట మించదు. మడి పిల్లలదే, ఏం వేయాలో వాళ్లే చెప్పాలి. పండింది వాళ్ల తట్టలోకే రావాలి, బయటికి పోకూడదు. పరీక్షలప్పుడు పని పెద్దలది.

ఆ ఏడాదే ఒక అవ్వ మనవరాలిని దింపడానికి వచ్చి మా మడులు చూసి నవ్వింది. "నీళ్లు నిలబెడితే ఏర్లు కుళ్లవా బిడ్డా? మెరక చేసి వేయాల" అంది. యాడీ, కాస్త చూపించమని అడిగాం. గోర్ బోలీలో యాడి అంటే అమ్మ. ఆమె పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని మట్టిని జానెడెత్తు లేపి కట్టలు వేయించింది. తరువాతి వారం పాత గుడ్డ మూటలో బెండ, అలసంద, అనప, గోంగూర విత్తనాలు తెచ్చింది. ఏ విత్తనం ఏ కార్తెలో వేయాలో చెప్పింది. మేము శిక్షణ కళాశాలలో చదివింది అక్కడ ఆమె ముందు సగం పాఠమే.

ఆమె ఇంకో మాట గుర్తుచేసింది. తీజ్ పండుగ. శ్రావణమాసంలో మన తండాల్లో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో పుట్టమన్ను పోసి, గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నియమంగా నీళ్లు పోసి మొలకలు పెంచుతారు కదా. "మొలకను కాపాడటం మన పిల్లకు కొత్తగా నేర్పేదేంది?" అంది. నిజమే. విత్తనం దగ్గర పాటలు పాడే జాతి మనది. మన పిల్లలకు తోట పాఠం బయటినుంచి తేవాల్సిన పనిలేదు. ఇంట్లో మరచిపోయినదాన్ని బడిలో గుర్తుచేస్తే చాలు.

తరువాత ప్రొద్దుటూరు. అక్కడ భవనం చుట్టూ సిమెంటు నేల. బంగారం వ్యాపారానికి పేరున్న పట్నంలో పిల్లలకు గజం మట్టి లేదు. 2019లో కేంద్ర ప్రభుత్వం బడుల్లో పోషకాహార తోటల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. స్థలం లేని చోట కుండీల్లో, డబ్బాల్లో, మిద్దె మీద పెంచుకోవచ్చని అందులో ఉంది. మేము ఖాళీ బియ్యం సంచులు, పగిలిన బకెట్లు పోగుచేశాం. అడుగున రంధ్రాలు పెట్టి మట్టి, మాగిన పేడ ఎరువు నింపాం. బచ్చలి తీగను గోడమీదికి పాకించాం. సంచుల్లో పుదీనా, కొత్తిమీర, మెంతికూర, పచ్చిమిరప వచ్చాయి.

ఇక్కడ పిల్లలు మమ్మల్ని మించిపోయారు. కోతులు మొలకలు పీకేస్తుంటే ఒక ఎరుకల పిల్లవాడు ఇంటికి వెళ్లి తాతచేత అడుగులేని బుట్టలు అల్లించుకొచ్చాడు. మొలక చుట్టూ బుట్ట బోర్లిస్తే గాలి, వెలుతురు తగులుతాయి, కోతి చెయ్యి దూరదు. ఒక యానాది పిల్ల మేము కలుపు అని పీకేస్తున్న మొక్కను పట్టుకుని "అమ్మా, ఇది పారేయకండి, ఇది గంగపాయలకూర, మా అమ్మ పప్పులో వేస్తాది" అంది. ఆ మరునాడు పప్పులో అదే వేశాం. ఆ పిల్ల ఆరోజు తలెత్తుకుని తిరిగింది. అంతకు ముందు తరగతిలో నోరు తెరవని పిల్ల అది. అయితే ఒక జాగ్రత్త కూడా అప్పుడే నేర్పాం. పెద్దవాళ్లు గుర్తుపట్టి సరే అన్న ఆకే తినాలి. తెలియని ఆకు, కాయ నోట్లో పెట్టకూడదు. ఉమ్మెత్త లాంటివి ప్రాణం మీదికి తెస్తాయి.

ఇప్పుడు పులివెందుల వైపు ఉన్నాం. ఎర్రనేల, చీనీ తోటలు, అరటి తోటలు. మన వాళ్లు చాలామంది ఆ తోటల్లోనే పనికి పోతారు. రైతులు పారేసిన పాత డ్రిప్ పైపు ముక్కలు అడిగి తెచ్చుకున్నాం. మడుల మీద చెనిక్కాయ పొట్టు పరిచాం. దాంతో తేమ ఆరదు, కలుపు తగ్గుతుంది. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు మడులకు పోతాయి. సబ్బు నీళ్లు మాత్రం అరటి పిలకలకే.

ప్రకృతి వ్యవసాయం మాట మీరు వినే ఉంటారు. మన రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ఆ కార్యక్రమం నడుపుతోంది. దాని మీద పరిశోధన, శిక్షణ కోసం ఇండో-జర్మన్ అంతర్జాతీయ అకాడమీని 2022లో పులివెందులలోనే ప్రారంభించారు. మన పక్కనే అంత పెద్ద పని జరుగుతుంటే మన పిల్లలకు జీవామృతం కలపడం రాకపోతే ఎలా? 20 లీటర్ల నీళ్లకు కిలో నాటు ఆవు పేడ, లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల పప్పుల పిండి, చెట్టు కింది మట్టి గుప్పెడు. నీడలో 48 గంటలు ఉంచి, రోజుకు రెండుసార్లు కర్రతో కలియబెట్టాలి. మొక్క మొదట్లోనే పోయాలి, ఆకుల మీద పడకూడదు. ఆకు కోతకు వారం ముందే ఆపేస్తాం. చేతులు సబ్బుతో కడగడం, ఆకును రెండు మూడు నీళ్లు మార్చి కడగడం కూడా పాఠంలో భాగమే.

ఇందులో చదువు ఎక్కడుంది అంటారా? మడి పొడవు, వెడల్పు కొలిచి వైశాల్యం కట్టేది అయిదో తరగతి. కోసిన ఆకును తూచి తలకు ఎన్ని గ్రాములు వచ్చిందో భాగించేది ఏడో తరగతి. ఆ లెక్కతోనే వాళ్లకు ఒక నిజం తెలిసింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన రోజు పళ్లెంలో 2000 కేలరీల ఆహారానికి కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు ఉండాలి. మా తోట కోసిన రోజు తలకు వచ్చింది అందులో చిన్న భాగమే. పిల్లలు మొహాలు వేలాడేశారు. మేము అన్నాం: తోట మనల్ని పోషించడానికి కాదు, తినడం నేర్పడానికి. తమ చేత్తో నీళ్లు పోసిన తోటకూరను ఏ పిల్లా ఏరి పారేయలేదు. తోటకూర తినడం అలవాటైన నోరు బజారులో కొన్న పాలకూరను కూడా తిన్నది. బకెట్ తేలికైంది. మాకు కావాల్సింది అదే.

తోట ఒక్కదానితో రక్తహీనత పోతుందని మేము చెప్పం. అలా చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టే. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టేది తక్కువ. పైన నిమ్మకాయ పిండితే, జామకాయో ఉసిరికాయో తింటే బాగా పడుతుంది. భోజనం చేసిన వెంటనే టీ తాగితే పట్టేది కూడా పోతుంది. వారానికొకసారి ఇచ్చే ఇనుము మాత్ర మింగాలి, నాలుక కింద దాచి బయట ఉమ్మేయకూడదు. నవ్వుతున్నారు, మీరూ అలా చేసినవాళ్లే. ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర వేసుకోవాలి. చెప్పులు లేకుండా దొడ్డికి పోకూడదు. గుడ్డు వదలకూడదు. మొదట చెప్పిన ఆ ఎనిమిదో తరగతి పిల్లకు కొన్ని నెలల్లో రక్తం పది దాటింది. అది మాత్ర వల్లా, గుడ్డు వల్లా, ఆకుకూర వల్లా అని మేము విడదీసి చెప్పలేం. అన్నీ కలిసి చేశాయి.

ఇప్పుడు మీ విషయానికి వస్తాం.

ఆదివారం మీరు తమ్ముణ్ని, చెల్లిని చూడటానికి హాస్టల్‌కు వస్తారు. చేతిలో ఏముంటుంది? చిప్స్ పొట్లాలు, కూల్‌డ్రింక్ సీసా. ప్రేమతోనే తెస్తారు, మాకు తెలుసు. వారమంతా మేము నేర్పింది ఆ ఒక్క గంటలో పోతుంది. అదే డబ్బుకు అరకిలో చెనిక్కాయలు వస్తాయి, నాలుగు జామకాయలు వస్తాయి. ఇంట్లో చేసిన నువ్వుల ఉండ తెస్తే ఇంకా సంతోషం.

ఇంకో సంగతి. ఒక పిల్లవాడి అమ్మ జొన్న బాటి, ఊరిబిండి మూటకట్టి పంపింది. వాడు దాన్ని మంచం కింద దాచాడు. ఎందుకురా అంటే "మావాళ్లు తండా తిండి అని నవ్వుతారు" అన్నాడు. ఆ నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో ఆలోచించండి. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఆ ఏడాది మార్చి నుంచే మన రాష్ట్రంలో బడి పిల్లలకు రాగిజావ ఇవ్వడం మొదలైంది. వంద గ్రాముల రాగుల్లో కాల్షియం 340 మిల్లీగ్రాములకు పైగా ఉంటే, పాలిష్ పట్టిన బియ్యంలో పది దాకా మాత్రమే ఉంటుంది. పట్నంలో డబ్బున్నవాళ్లు కొర్రలు, జొన్నలు ఎక్కువ ధర పెట్టి కొనుక్కుంటున్నారు. మన అవ్వలు తిన్న సంగటి, కొర్రన్నం మనకు మాత్రం నామోషీ అయింది. ముందు మీరు మానండి ఆ నామోషీని. మీరు తింటే మీ తమ్ముడు తింటాడు.

చివరి మాట, అసలు మాట. అదే మా ప్రసంగానికి పేరు కూడా.

ఏప్రిల్ నాలుగో వారంలో బడి మూస్తారు. జూన్ 12న తెరుస్తారు. మధ్యలో ఏడు వారాలు. కడప ఎండ మీకు చెప్పాలా? ఆ ఏడు వారాల్లో తోట చచ్చిపోతుంది. జమ్మలమడుగులో జూన్‌లో తిరిగి వచ్చేసరికి ఎండు పుల్లలు, మేక పెంటికలు ఉన్నాయి. ఒక్క మునగచెట్టు నిలబడింది. పిల్లలు గేటు దగ్గర నుంచి పరుగెత్తుకుంటూ వెళ్లి తమ మడి దగ్గర ఆగిపోయారు. ఒకడు వంగి చచ్చిన వంగ మొక్కను పెకిలించి చూశాడు, ఏమీ మాట్లాడలేదు. ఏడాదంతా కాపాడితే ఏం లాభం అని పిల్లకు ఒకసారి అనిపిస్తే, అది తోట దగ్గరే ఆగదు. చదువు మీద కూడా అలాగే అనిపిస్తుంది. సెలవుల తర్వాత తిరిగి రాని పిల్లలు కూడా మాకు జూన్‌లోనే తెలుస్తారు. పనికి పెట్టారనో, పెళ్లి కుదిరిందనో కబురు వస్తుంది.

పోయిన వేసవిలో పులివెందుల దగ్గర ముగ్గురు కుర్రవాళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చారు. వంతులు వేసుకుని రోజు మార్చి రోజు సాయంత్రం నీళ్లు పోశారు. అన్నీ బతకలేదు. టమోటా పోయింది, పాలకూర పోయింది. మునగ, కరివేపాకు, బచ్చలి, గోరుచిక్కుడు, నాలుగు బొప్పాయి మొక్కలు నిలబడ్డాయి. జూన్ 12న పిల్లలు వచ్చినరోజే మునగాకు పప్పు తిన్నారు. తోట ఎదురుచూస్తోందని తెలిసి ఇద్దరు పిల్లలు ఇంటి దగ్గర ఆగకుండా వచ్చేశారని వాళ్ల అమ్మలే చెప్పారు.

అందుకే సంఘం ద్వారా మీకు మూడు పనులు అప్పగిస్తున్నాం.

ఒకటి, ప్రతి హాస్టల్‌కు దగ్గరున్న తండా, కాలనీ నుంచి నలుగురైదుగురు పేర్లు ఇవ్వండి. వార్డెన్ దగ్గర అనుమతి తీసుకుని, వాచ్‌మన్ ఉన్న వేళలో ఏడు వారాలు వంతుల ప్రకారం నీళ్లు పోయండి. ఒక్కొక్కరికి వారానికి ఒక సాయంత్రం పడుతుంది.

రెండు, ఈ దసరా లోపల మీ అవ్వ దగ్గర, అమ్మ దగ్గర కూర్చుని ఇంట్లో ఉన్న నాటు విత్తనాలు ఏమిటో రాసుకోండి. పేరు, వేసే కార్తె, వండే తీరు. ఫోన్‌లో ఆమె గొంతు రికార్డు చేయండి. గుప్పెడు విత్తనం బూడిద కలిపి సీసాలో పోసి హాస్టల్‌కు ఇవ్వండి. ఆ జమ్మలమడుగు యాడి ఇప్పుడు లేదు. ఆమె ఇచ్చిన అనప విత్తనం పులివెందుల మడిలో ఉంది.

మూడు, మీ ఇంటి స్నానాల గది దగ్గర నీళ్లు పారే చోట ఒక అరటి, ఒక మునగ, ఒక బొప్పాయి పెట్టండి. పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు బడిలో నేర్చుకున్నది ఇంట్లో కనబడాలి.

ఆ రోజు పార చూసి బాధపడిన తండ్రిని మేము మరచిపోలేదు. ఆయన కొడుకు ఇప్పుడు పాలిటెక్నిక్‌లో చదువుతున్నాడు. మట్టిలోంచి బయటపడ్డాడు, తండ్రి కోరుకున్నట్టే. పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు తండ్రి పెరట్లో గోంగూర మడి కట్టాడట. ఆయనే ఫోన్ చేసి చెప్పాడు. "ఎవురూ చెప్పకుండానే కట్టినాడమ్మా" అన్నాడు.

సభ అయ్యాక గేటు దగ్గర బల్ల మీద నోటు పుస్తకం ఉంటుంది. హాస్టల్ పేరు ఎదురుగా మీ పేరు, మీకు వీలైన వారం రాసి వెళ్లండి. ఏప్రిల్‌లో మేమే ఫోన్ చేస్తాం.

సెలవు. జై సేవాలాల్.